చప్పట్లకు లెక్క ఉంది, అడుగులకు లేదా?

దక్షిణ కొరియాలోని జేజు ప్రత్యేక స్వయంపాలిత ప్రావిన్స్ గవర్నర్ గారికి విశాఖపట్నం నుంచి నమస్కారం.

మీ దీవి దక్షిణపు ఒడ్డున, సోగ్విపో పట్టణానికి పడమరగా గాంగ్‌జంగ్ అనే ఊరుంది. అక్కడి నావికా స్థావరం పెద్దగేటు ముందు మధ్యాహ్నం పన్నెండు గంటలకు కొంతమంది పోగవుతారు. స్పీకరులో పాట పెడతారు. చేతులు పట్టుకుని వరస కడతారు, తిరుగుతారు, గెంతుతారు. పాటలు అయిపోగానే ఎవరి దారిన వాళ్లు భోజనానికి పోతారు. మర్నాడు మళ్లీ అదే వేళకు వస్తారు. స్థావరం కడుతుండగా మొదలైన ఆట ఇది. 2016 ఫిబ్రవరి 26న ప్రారంభోత్సవం జరిగిపోయాక కూడా ఆగలేదు.

మీ కార్యాలయానికి ఈ సంగతి కొత్త కాదు. చూసి చూసి అలవాటైపోయిన సంగతి కూడా కావచ్చు. అందుకే దూరాన ఉన్నవాళ్లకు అది ఎలా కనిపిస్తుందో చెప్పి, మిమ్మల్ని కొన్ని పనులు అడగాలని రాస్తున్నాను. తెలుగులో రాస్తే మీరెలా చదువుతారని ఎవరైనా అడగవచ్చు. బహిరంగ లేఖ సంగతే అంత. చిరునామా మీది, చదివేవాళ్లలో ఎక్కువమంది మావాళ్లు. మా తీరానికీ నౌకాదళంతో సంబంధం ఉంది కాబట్టి మావాళ్లు చదవాలన్నదీ నా కోరికే.

ముందే ఒక మాట. నేను నౌకాదళం అంటే గిట్టని మనిషిని కాను. విశాఖలో బతికేవాళ్లకు అది కుదరదు కూడా. తూర్పు నౌకాదళానికి కేంద్రం మా ఊరే. ఇక్కడ నేవీ డే విన్యాసాలు జరిగితే రామకృష్ణా బీచ్‌లో ఇసక వేస్తే రాలదు. బంధువుల్లోనో, పక్కింట్లోనో డాక్‌యార్డులో పనిచేసినవాళ్లు ఒకరైనా లేని ఇల్లు ఇక్కడ అరుదు. మీ స్థావరం తెరుచుకున్న ఆ 2016 ఫిబ్రవరిలోనే, మొదటి వారంలో, అంతర్జాతీయ నౌకాదళ సమీక్ష మా సముద్రంలో జరిగింది. రెండేళ్లకు, 2018 అక్టోబరులో, మీ గాంగ్‌జంగ్ దగ్గర అలాంటి సమీక్షే జరిగితే మా దేశం తరఫున తూర్పు నౌకాదళపు ఓడ ఐ.ఎన్.ఎస్. రాణా వచ్చింది. అంటే మీ ఊరి గొడవకు మా ఊరి ఓడ కూడా ఒక ప్రేక్షకురాలే. సమీక్షకు వచ్చిన ఓడలను రేవులోంచి చూడటం వేరు, గేటు బయట నిలబడ్డవాళ్ల వైపు నుంచి చూడటం వేరు. నాకు రెండోది తెలుసుకోవాలనిపించింది.

తెలుసుకుంటున్నకొద్దీ ఈ కథంతా లెక్కల కథగా కనిపించింది. ఎవరు ఎవర్ని, ఎలా లెక్కపెట్టారన్నదే ఇందులో అసలు గొడవ.

గాంగ్‌జంగ్ మామూలు ఊరు కాదని మీకు తెలుసు, మావాళ్ల కోసం చెబుతున్నాను. జేజు అగ్నిపర్వతం పోసిన దీవి. కురిసిన వాన రాతిలోకి ఇంకిపోతుంది, వాగులు చాలావరకు ఎండి ఉంటాయి. అలాంటి చోట గాంగ్‌జంగ్ వాగు ఏడాది పొడుగునా పారుతుంది. సోగ్విపో తాగునీటిలో ఎక్కువ భాగం దానిదే. వరి పండటమే గగనమైన దీవిలో వరి బాగా పండే ఊరని దానికి పూర్వం నుంచీ పేరు. ఒడ్డున గురంబి అనే బండ ఉండేది. లావా సముద్రంలోకి పారి గడ్డకట్టిన ఒకే ఒక రాతి పరుపు, పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. దాని మీద మంచినీటి ఊటలు. పిల్లలు ఈత నేర్చుకున్నది అక్కడ, ఊరు పూజలు పెట్టుకున్నది అక్కడ. ముందున్న సముద్రంలోని మెత్తటి పగడాలకు 2004లోనే మీ దేశం ప్రకృతి స్మారక హోదా ఇచ్చింది. ఆ బండ ఉన్న తీరాన్ని తాకకూడని ప్రాంతంగా మీ ప్రావిన్సే ప్రకటించి, 2009 డిసెంబరులో మీ ప్రావిన్సే ఆ రక్షణ తీసేసింది.

నౌకాదళం మొదట చూసింది గాంగ్‌జంగ్‌ను కాదు. 2002లో హ్వాసున్ అనుకున్నారు, జనం ఒప్పుకోలేదు. తరవాత వీమీ అనుకున్నారు, అక్కడా ఒప్పుకోలేదు. అప్పుడు గాంగ్‌జంగ్. దాదాపు 1,900 మంది ఉన్న ఊరు. 2007 ఏప్రిల్ 26న అప్పటి గ్రామపెద్ద సమావేశం పిలిచాడు. వచ్చినవాళ్లు 87 మంది. చీటీలు వెయ్యలేదు, చేతులు ఎత్తలేదు. చప్పట్లు కొట్టి ఆమోదించారు. మూడు వారాలు తిరక్కుండానే, మే 14న, అప్పటి గవర్నర్ దీవి మొత్తం మీద చేయించిన అభిప్రాయ సేకరణను చూపించి స్థావరం గాంగ్‌జంగ్‌లోనే అని ప్రకటించాడు.

చప్పట్లు లెక్కకొచ్చాయి. ఫోన్లో అడిగిన ప్రశ్నకు దీవికి ఆ మూల ఉన్న మనిషి చెప్పిన జవాబూ లెక్కకొచ్చింది.

తక్కిన ఊరు మేలుకుని జూన్ 19న ఓటు పెట్టుకుందామంటే, సమావేశంలోకి జొరబడి బ్యాలెట్ పెట్టెను ఎత్తుకుపోయారు. పోలీసులు అక్కడే ఉన్నారు, అడ్డుకోలేదు. ఊరివాళ్లు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన మాట ఇది. మీ జాతీయ పోలీసు శాఖ ఏర్పాటు చేసుకున్న మానవ హక్కుల పరిశీలన సంఘం కూడా 2019 మే నాటి తన నివేదికలో ఇదే రాసింది. పైగా ఆ పెట్టె వెనక నౌకాదళం చెయ్యి, స్థానిక అధికారుల ఎరుక ఉన్నాయని తేల్చింది. ఊరు ఊరుకోలేదు. ఆగస్టులో గ్రామపెద్దను దించేసి, 20వ తేదీన రహస్య ఓటు పెట్టుకుంది. వేసినవాళ్లు 725 మంది. వద్దన్నవి 680, కావాలన్నవి 36, చెల్లనివి 9.

గవర్నర్ గారూ, ఈ మూడు అంకెలూ రాసి ఒకసారి 87 పక్కన పెట్టి చూడండి. ఎవరినీ తిట్టనక్కర్లేదు. ఏ లెక్కల మాస్టారిని అడిగినా చెప్పగలిగిన జవాబు మీ దేశపు రక్షణ శాఖకు, మీ ప్రావిన్సుకు కనబడలేదు. ఆగస్టు ఓటును ఎవరూ పట్టించుకోలేదు. 2009లో గవర్నర్‌నే వెనక్కి పిలిచే ఓటు పెట్టించారు. దీవి మొత్తం మీద 11 శాతం మందే వచ్చారు, కావలసినది మూడో వంతు, కాబట్టి పెట్టెలు తెరవనే లేదు. 2012 జులైలో సుప్రీంకోర్టు స్థావరం చట్టబద్ధమేనంది. అప్పటికే, ఆ మార్చి 7న, గురంబి బండలో మందుగుండు పేలింది.

ఆట సంగతి దీని తరవాత చెప్పాలి, ముందు చెబితే అర్థం కాదు. చీటీ లెక్కకు రాలేదు, పిటిషన్ కొట్టేశారు, బండ పగిలిపోయింది. ఇక ఆ ఊరి దగ్గర మిగిలింది వాళ్ల ఒళ్లు. దాన్ని రోజూ తీసుకొచ్చి గేటు ముందు నిలబెడుతున్నారు. నా ఉద్దేశంలో అది కాలక్షేపం కాదు, నిరసనకు తగిలించిన వినోద కార్యక్రమం అంతకంటే కాదు. 2007 ఆగస్టు 20న వేసిన ఓటును మళ్లీ మళ్లీ వేస్తున్నారు.

ఆ ఆటలో గొప్ప నాట్యమేమీ లేదు. వీడియోల్లో చూస్తే ముసలమ్మలు, నన్‌లు, కతోలిక గురువులు, బడిపిల్లలు, ఎక్కడినుంచో వచ్చిన విదేశీ కుర్రాళ్లు, కుక్కపిల్లలతో సహా కనిపిస్తారు. అడుగులు తేలిక. కొత్తగా వచ్చినవాడు రెండో చుట్టుకల్లా కలిసిపోతాడు. మా అరకు కొండల్లో థింసా ఆడేవాళ్లు ఒకరి వీపు వెనకనుంచి ఒకరు చేతులు పెనవేసుకుని కదులుతారు. అందులో ఒక్కరు అద్భుతంగా ఆడి లాభం లేదు, వరస తెగకపోవడమే ముఖ్యం. గాంగ్‌జంగ్ గేటు దగ్గర పట్టింపూ అదే. పోలీసులు ఎదురుగా నిలబడ్డ రోజుల్లో చేతులు విడదీయడమంటే వరస తెంచడమే, వరస తెంచడమంటే అరెస్టే.

ఇది ఆకాశంలోంచి ఊడిపడ్డ అలవాటు కాదు. 1970, 80లలో సైనిక పాలనను ఎదిరించిన మీ విద్యార్థులు పల్లెల్లోని పుంగ్‌ముల్ డప్పుమేళాన్ని విశ్వవిద్యాలయాల మైదానాల్లోకి తెచ్చారు. నాట్లప్పుడూ కోతలప్పుడూ మోగే వాయిద్యాలు ఊరేగింపుల ముందు మోగాయి. మాకూ ఈ దారి తెలుసు. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను తీసుకుని ఊళ్ల మీద పడ్డప్పుడు పాలకులకు ఉపన్యాసాల కన్నా అందెల చప్పుడే ఎక్కువ చిరాకు తెప్పించింది. ఉపన్యాసానికి జవాబు చెప్పవచ్చు. ఆటకు జవాబు చెప్పడం ఎలాగో పోలీసు శిక్షణ కళాశాలలో నేర్పరు.

ఊరి దినచర్యలో ఆట చివరి అంకం. పొద్దున ఏడింటికి గేటు ముందు వంద సాష్టాంగాలు. పదకొండింటికి కతోలిక మాస్. పన్నెండింటికి ఆట. కట్టుబడి జరుగుతున్న ఏళ్లలో ఆ మాస్ ఎలా సాగేదో చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. గురువులూ నన్‌లూ ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని గేటుకు అడ్డంగా కూర్చునేవారు. సిమెంటు లారీ వచ్చినప్పుడల్లా పోలీసులు వరసగా వచ్చి మనిషిని కుర్చీతో సహా ఎత్తి పక్కన పెట్టేవారు. లారీ లోపలికి పోయేది. పోలీసులు తప్పుకోగానే కుర్చీలు మళ్లీ మొదటి చోటికి వచ్చేవి. ప్రార్థన మధ్యలో ఆగేది కాదు. ఎత్తినవాళ్లలో కొందరు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల మనవలంత పిల్లలు. మీ దేశంలో కుర్రాళ్లు నిర్బంధ సైనిక సేవ కింద పోలీసుల్లోనూ పనిచేసేవారు కదా.

ఈ గుంపులో ఒకరి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఫాదర్ మున్ జంగ్‌హ్యన్, 1937లో పుట్టినవారు. 1975లో సైనిక పాలన ఎనిమిది మందిని ఉరి తీసి, శవాలను కూడా కుటుంబాలకు దక్కనివ్వకుండా తీసుకుపోతుంటే బండికి అడ్డుపడి కాలికి దెబ్బ తగిలించుకున్నారు. అది జన్మకు మిగిలింది. 2011లో గాంగ్‌జంగ్‌కు వచ్చి అక్కడే ఉండిపోయారు. 2012 ఏప్రిల్ 6, గుడ్ ఫ్రైడే నాడు, రేవు అడ్డుగోడ దగ్గర పెద్ద కాంక్రీటు దిమ్మల మీదనుంచి దాదాపు ఏడు మీటర్లు కింద పడ్డారు. వెన్ను దెబ్బతింది. కోలుకుని మళ్లీ గేటు దగ్గరికే వచ్చారు. ఆ ఏడాదే ఆయనకు గ్వాంగ్జు మానవ హక్కుల బహుమతి వచ్చింది. చెక్క మీద అక్షరాలు చెక్కుతూ గేటు పక్కనే కూర్చునే ఈ పెద్దాయన, చేతికర్రతోనే వరసలో కలిసేవారు. మీ ప్రభుత్వ కాగితాల్లో ఇటువంటివారికి పడిన పేరు, పనికి ఆటంకం కలిగించినవారు.

రోజువారీ ఆట గేటుదయితే, ఏడాదికొకసారి ఊరేగింపు దీవి అంతటిదీ. 2012 నుంచి వేసవుల్లో, ఎక్కువగా జులై చివర, జీవం కోసం శాంతి కోసం మహాపాదయాత్ర జరుగుతూ వచ్చింది. మొదటి ఏడు రెండు జట్లుగా విడిపోయి ఒకటి తూర్పు తీరం వెంట, ఒకటి పడమటి తీరం వెంట నడిచి జేజు నగరంలో కలుసుకున్నారు. తరవాతి ఏడాదుల్లో దారి మారుతూ వచ్చింది. మీ దీవిలో జులై చివరంటే ఎండ, ఉక్క, ఉన్నట్టుండి వాన. తారురోడ్డు మీద ఐదారు రోజులు. నడక అయ్యాక సాయంత్రం మళ్లీ పాటలు, ఆటలు. నడిచి నడిచి కాళ్లు బొబ్బలెక్కినవాళ్లు ఆడటమేమిటని అనిపించవచ్చు. ఉద్యమాల్లో తిరిగినవాళ్లను అడిగి చూడండి, మర్నాడు పొద్దున మనుషులు లేచి వస్తారా లేదా అన్నది ఆ సాయంత్రం మీదే ఆధారపడి ఉంటుంది. అరెస్టయి, జరిమానా కట్టి, ఇంట్లో మాటలుపడి అలిసిన మనిషిని నినాదం రెండోసారి రప్పించలేదు. పాట రప్పిస్తుంది.

మీ దీవిలో జనం ఒకచోట గుమిగూడటానికి ఉన్న బరువు వేరు. 1947 మార్చి 1న జేజు నగరంలో జరిగిన సభ దగ్గర గుర్రం మీది పోలీసు ఒక పిల్లాణ్ణి తొక్కించి ఆగకుండా పోయాడు. జనం రాళ్లు విసిరారు, పోలీసులు కాల్చారు, ఆరుగురు చనిపోయారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 3న తిరుగుబాటు, ఆపైన 1954 దాకా ఊచకోత. మీ ప్రభుత్వమే 2003లో వెలువరించిన నివేదిక ప్రకారం చనిపోయినవాళ్లు 25,000 నుంచి 30,000 మంది, అప్పటి దీవి జనాభాలో పదిమందికి ఒకరు. చంపినవాళ్లలో చాలామంది ప్రధాన భూభాగం నుంచి దిగినవాళ్లు. ఆ తరవాత దశాబ్దాల పాటు ఆ మాట ఎత్తితేనే నేరం. 2003 అక్టోబరులో అధ్యక్షుడు రో మూ-హ్యున్ క్షమాపణ చెప్పాడు. 2005 జనవరి 27న జేజును ప్రపంచ శాంతి దీవిగా ప్రకటించాడు. రెండేళ్లు దాటిన మూడు నెలలకే, ఆయన హయాంలోనే, గాంగ్‌జంగ్ చప్పట్లు మోగాయి.

2011లో ప్రధాన భూభాగం నుంచి అల్లర్ల నివారణ పోలీసులను ఓడల్లో, విమానాల్లో తెచ్చి దింపినప్పుడు గాంగ్‌జంగ్ ముసలివాళ్లకు ఏం గుర్తొచ్చి ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. సభకు పోతే తుపాకీ పేలుతుందని చిన్నప్పుడు నేర్చుకున్న తరం, ఎనభయ్యో ఏట, పోలీసుల ఎదుట చేతులు పట్టుకుని గెంతుతోంది. 2025లో ఆ ఏప్రిల్ 3 నాటి కాగితాలు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. మీరంతా గర్వపడ్డారు, పడాల్సిందే. ఆ కాగితాలకు ఇచ్చిన గౌరవంలో కొంచెం ఆ ముసలివాళ్ల కాళ్లకు కూడా ఇవ్వవచ్చు.

ఇచ్చింది వేరు. ఈ ఊరి గొడవలో పోలీసులు పట్టుకున్నవాళ్లు సుమారు 700 మంది. జరిమానాలు కట్టలేక జైలుకు పోవడమే నయమనుకున్నవాళ్లున్నారు. స్థావరం తెరిచిన నెల రోజులకే, 2016 మార్చిలో, పని ఆలస్యమైనందుకు 344 కోట్ల వోన్లకు పైగా నష్టపరిహారం కట్టాలని నౌకాదళం 116 మంది మీద, ఐదు సంస్థల మీద దావా వేసింది. బత్తాయి తోటల రైతులు, గురువులు, చదువుకునే పిల్లలు కలిసి ఒక నౌకాదళానికి బాకీపడ్డారన్నమాట. 2017 డిసెంబరులో కొత్త ప్రభుత్వం ఆ దావా వదులుకుంది. 2019లో కొందరికి క్షమాభిక్ష దొరికింది. క్షమించింది ఎవరు, ఎవర్ని అన్న ప్రశ్న నాకైతే మిగిలింది.

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. మీ దేశం బతికేదే సముద్రపు దారుల మీద, మీకు ఉత్తరానా పడమరా ఉన్నవాళ్లు తేలికైనవాళ్లు కారు. దక్షిణాన రేవు కావాలని మీ నౌకాదళం అడగటంలో వింత లేదు. విశాఖవాసిగా ఆ వాదన నాకు అర్థమవుతుంది. గాంగ్‌జంగ్‌లో స్థావరం కావాలన్నవాళ్లూ ఉన్నారు. సముద్రంలో మునిగి నత్తలూ శంఖాలూ ఏరి బతికే హేన్యో స్త్రీలలో చాలామంది పరిహారం తీసుకుని ఒప్పుకున్నారు. వాళ్ల బతుకు వాళ్లది, తప్పుపట్టను. మా దగ్గర, విశాఖకు దక్షిణాన రాంబిల్లి తీరంలో కడుతున్న నావికా స్థావరం దగ్గర, వేటకు దారీ తగిన పరిహారమూ అడుగుతూ మత్స్యకారులు రోడ్డెక్కిన రోజులున్నాయి. తీసుకున్నవాళ్లూ తీసుకోనివాళ్లూ ఒకే వీధిలో ఉంటే ఏమవుతుందో చూశాం. గాంగ్‌జంగ్‌లో అన్నదమ్ములు ఒకరి ఇంట్లో పెద్దల తిథికి ఒకరు పోవడం మానేశారు. సరుకులు కొనే దుకాణాలు కూడా మీ పక్షం, మా పక్షం అని వేరుపడ్డాయి. ఊరికి జరిగిన నష్టాల్లో బండ పోవడం కంటే ఇదే పెద్దదని నాకనిపిస్తుంది. బండను తొలిచింది మందుగుండు. ఊరిని తొలిచింది ఆ మొదటి సమావేశం. చీటీలు వేసి ఓడినవాళ్లు గొణుక్కుంటూనైనా కలిసి బతుకుతారు. చప్పట్లకు ఓడినవాళ్లకు, ఓడామని ఒప్పుకునే చోటే దొరకలేదు.

అప్పటి గవర్నర్ 2021 మే 31న గాంగ్‌జంగ్ వెళ్లి క్షమాపణ చెప్పారు, ఊరి అభివృద్ధికి నిధులు ప్రకటించారు. మంచి పనే. కాని స్థావరాన్ని వ్యతిరేకిస్తూ వచ్చినవాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో మీ అధికారులు అడిగి తెలుసుకున్నారా? ఏ తప్పుకు ఈ క్షమాపణ అని ఎవరూ విడమర్చి చెప్పలేదన్నది నేను చదివి గ్రహించిన కారణం. పెట్టెను ఎత్తుకుపోవడంలో ఎవరి పాత్ర ఎంత, ప్రావిన్స్ అధికారులకు ఎంత తెలుసు, ఇవి తేలకుండా చెప్పిన క్షమాపణ నిధులకు ముందుమాటలా మిగిలింది.

రేవు పేరు చూస్తే మరొకటి అర్థమవుతుంది. అది పౌరులూ సైన్యమూ కలిసి వాడుకునే అందమైన పర్యాటక రేవు అని ప్రభుత్వం మొదటినుంచీ చెబుతూ వచ్చింది. విహారనౌకలు ఆగే గట్టు నిజంగానే ఉంది, ఓడలూ వస్తున్నాయి. వాటితోపాటు 2017లో అమెరికా అణు జలాంతర్గామి యు.ఎస్.ఎస్. టెక్సస్ వచ్చింది, 2018 సమీక్షకు విమానవాహక నౌక రొనాల్డ్ రీగన్ వచ్చింది, 2023 జులైలో మరో అణు జలాంతర్గామి యు.ఎస్.ఎస్. అన్నాపొలిస్ వచ్చింది. ఇది అమెరికా స్థావరం కాదని మీ ప్రభుత్వం చెప్పేది కాగితం ప్రకారం నిజమే. గేటు బయట ఆడేవాళ్లు మొదటినుంచీ భయపడిందీ కొంత నిజమైంది.

ఇక నేను అడగదలచుకున్నవి.

స్థావరాన్ని ఎత్తేయమని అడగడం లేదు. అది మీ చేతిలో లేదని తెలుసు, లక్ష కోట్ల వోన్లకు పైగా పోసి కట్టినదాన్ని ఎవరూ ఒక ఉత్తరానికి ఎత్తేయరు. మీ చేతిలో ఉన్నవే అడుగుతాను. గాంగ్‌జంగ్ గురించి ప్రావిన్స్ అచ్చువేసే ప్రతి అధికారిక కథనంలో 2007 ఏప్రిల్ 26 పక్కన ఆగస్టు 20 కూడా ఉండాలి. 87 పక్కన 680 ఉండాలి. పోలీసు శాఖ వేసుకున్న ఆ పరిశీలన సంఘం పోలీసుల తప్పు ఒప్పుకుని, మిగతా శాఖల పాత్ర మీద విచారణ జరపాలని సిఫారసు చేసి ఏళ్లు గడిచాయి. సియోల్ కదలకపోతే, మీ ప్రావిన్స్ అధికారులు అప్పుడు ఏం చేశారో అంతవరకైనా మీరే విచారణ జరిపించి బయటపెట్టండి. ఆ మధ్యాహ్నపు ఆటను దాని మానాన ఉండనివ్వండి. విహారనౌక దిగి బస్సులో పోయే పర్యాటకుల కంటబడకూడదనో, రోడ్డుకు అడ్డమనో దాన్ని పక్కకు జరిపే ఆలోచన ఎవరైనా మీ ముందుకు తెస్తే తిప్పి పంపండి. ప్రపంచ శాంతి దీవి అని మీరు వేసుకునే బోర్డుకు రుజువు అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉన్నవాటిలో అదొకటి.

చివరిది సోంగ్‌సాన్ సంగతి. దీవి తూర్పున అక్కడ రెండో విమానాశ్రయం కట్టాలని 2015లో ప్రకటించారు. 2021 ఫిబ్రవరిలో అభిప్రాయ సేకరణ జరిగితే దీవి మొత్తం మీద వద్దన్నవాళ్లు ఎక్కువ తేలారు, సోంగ్‌సాన్‌లో కావాలన్నవాళ్లు ఎక్కువ తేలారు. అయినా 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం మూల ప్రణాళిక ప్రకటించేసింది. గాంగ్‌జంగ్ విషయంలో ఊరు వద్దంటే దీవి సర్వే చూపించారు. సోంగ్‌సాన్ విషయంలో దీవి వద్దంటే ఊరు ఒప్పుకుందంటున్నారు. ఏ కొలత తమకు కలిసొస్తే ఆ కొలత. మహాపాదయాత్రలో సోంగ్‌సాన్ వాళ్లు కూడా నడిచింది ఇందుకే.

జాతీయ ప్రాజెక్టు మీద జనం ఓటు పెట్టించాలంటే మీ చట్టం ప్రకారం కేంద్ర మంత్రి కోరాలి. మంత్రిని కోరమని మీరు గట్టిగా, లిఖితపూర్వకంగా, పత్రికలకు తెలిసేలా అడగండి. ఒప్పుకుంటే చీటీల ఓటే పెట్టించండి. ఊరి మాట చెల్లుతుందా, దీవి మాట చెల్లుతుందా అన్నది పెట్టెలు తెరవకముందే ప్రకటించండి.

ఇట్లు
విశాఖపట్నం నుంచి
ఒక తెలుగు రచయిత